పెద్దనాయన కాదన్న బంగారం

మా పెద్దనాయన పోయాడు. పోయిన నెల ఏకాదశి నాడు, పొద్దున సంగటికి ఎసరు పెట్టే వేళ, గోడ అవతల దగ్గు ఆగింది. ఏండ్ల తరబడి విన్న దగ్గు అది. వెళ్లి చూస్తే గోడకు ఆనుకొని కూర్చున్నట్టే ఉన్నాడు. గని రాతిపొడి ఆయన రొమ్ములో చేరింది. పడుకుంటే ఊపిరాడదు. కూర్చునే నిద్రపోయేవాడు, కూర్చునే పోయాడు.

కబురు చెప్పడానికి టీ అంగడి దాకా నడిచాను. నలుగురైదుగురు మగవాళ్లు బీడీలు కాలుస్తూ ఉన్నారు.

"పోయినాడా? ఇంగ తెరిపించుకోవచ్చులే గనిని," అన్నాడు ఒకడు.

మిగిలినవాళ్లు నవ్వారు. ఎవరూ లేవలేదు.

పోయినవాళ్లను తలచుకునేటప్పుడు మంచివాడని రాస్తారు. మా పెద్దనాయన నోటి నుంచి మంచి మాట వినడం అరుదు. నేనూ ఆయన్ను చాలా కాలం ద్వేషించాను. ఆ సంగతి దాచిపెట్టి రాస్తే ఈ రాత అబద్ధమవుతుంది.

మా ఊరి పక్కన బంగారు గని ఉండేది. తెల్లదొరల కాలంలో తెరిచారు, వాళ్ల కాలంలోనే మూశారు. మా నాయనా, పెద్దనాయనా అందులో దిగి పనిచేసినవాళ్లే. మా నాయన తర్వాత జ్వరంతో పోయాడు. పెద్దనాయన లోపల మేస్త్రి. గని మూతపడ్డా గని అలవాట్లు ఆయన్ను వదల్లేదు. ఎవరింటికి వెళ్లినా, కూర్చోబోయే ముందు చేతికర్రతో పైకప్పును ఒకసారి కొట్టి చెవి ఒగ్గేవాడు. గనిలో అలా కొడితే గట్టిరాయి ఖంగుమంటుందట, ఊడిపడేరాయి బోలుగా పలుకుతుందట. తేడా తెలియనివాడు సాయంత్రం పైకి రాడు.

నా పెండ్లినాడు మా అత్తవారి మిద్దెను కూడా అట్లే కొట్టాడు. మా అత్త ఊరుకోలేదు.

"శుభమా అని పెండ్లి జరుగుతాంటే కప్పు కొడతాండాడేందప్పా ఈయప్ప! మా ఇల్లు కూలల్లనా?"

"కూలేది ఉంటే కొట్టకపోయినా కూలుతాది," అన్నాడు పెద్దనాయన, తీరిగ్గా కూర్చుంటూ.

రెండేండ్లకు నా భర్త విషజ్వరంతో పోయాడు. మా అత్తకు ఆ కర్రదెబ్బలే గుర్తుకొచ్చాయి. నన్ను పుట్టింటికి పంపేసింది. అప్పటికి మా అమ్మ కూడా లేదు. తమ్ముడొక్కడే ఉన్నాడు, నాకన్నా చాలా చిన్నవాడు. మూట నెత్తిన పెట్టుకొని వీధి మలుపు తిరిగితే పెద్దనాయన తన గడప దగ్గర నిలబడి ఉన్నాడు.

"వచ్చినావా? పెట్టే చెయ్యి లేకుండా ఆ పిల్లోడు ఎండిపోతాండాడు. పో, పొయ్యి ఎలిగించు."

అంతే. ఒక కన్నీటిబొట్టు రాల్చలేదు. ఆ పూట నుంచి ఆయనంటే నా లోపల ఏదో గట్టిపడిపోయింది. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. మాటలు మాత్రం పండగకొకటి.

తమ్ముడు పెరిగి పెద్దవాడయ్యాడు. పదేండ్ల కిందట, వానలు వరసగా మొహం చాటేసిన కాలంలో, ఊళ్లోకి జీపు వచ్చింది. పాత గని దగ్గర డేరాలు లేచాయి. అడుగున ఇంకా బంగారం ఉందేమో పరీక్ష చేస్తారనీ, బాగుంటే సర్కారు మళ్లీ గని తెరుస్తుందనీ చెప్పారు. చెనిక్కాయ చేలు నిలువునా ఎండిన ఊరికి ఇంతకన్నా ఏం కావాలి? ఆడవాళ్లు డేరాల ముందు ముగ్గులు వేశారు.

పలుగురాళ్లను ఇనుపరోళ్లలో దంచే పనికి ఆడవాళ్లను పెట్టుకున్నారు. నేనూ చేరాను. దంచిన పొడిని తట్టలో పోసి, నీళ్లతో ఊపి, మట్టిని పోగొట్టి, అడుగున మిగిలింది చూసే పని పెద్దనాయనది. ఆ విద్య ఊళ్లో ఆయనొక్కడికే వచ్చు. బంగారం ఉంటే తట్ట అంచున సన్నని పచ్చటి తోకలాగ మిగులుతుంది. దినమంతా ఊపినా తోక కనపడేది కాదు. అక్కడొక రవ్వ, ఇక్కడొక రవ్వ.

"ఎట్లుండాది పెద్దనాయనా?" అని తమ్ముడు పొద్దుగూకులూ అడిగేవాడు.

"రాయి అబద్ధం చెప్పదు. లేదంటాది."

"నీ కండ్లకు కనపడల్యా, లేక నీకు ఇష్టం లేదా?"

"ఇష్టం లేదురా. కింద లెవెల్లో ఇరవై ముప్పై ఏండ్ల నీళ్లు నిలిచి ఉండాయి. పైన ఆనించిన మొద్దులు కుళ్లిపోయింటాయి. భూమి నోరు తెరిచేది పెట్టేదానికి కాదు, తినేదానికి."

"నువ్వు తిన్యావు గదా అన్ని దినాలు! మాకు పెట్టాలంటే ఏడుపు," అని తమ్ముడు ముఖం మీదే అనేశాడు. పెద్దనాయన దగ్గి, ఉమ్మి, మళ్లీ తట్ట పట్టుకున్నాడు.

ఇంకో వారం చూసి డేరాలు ఎత్తేస్తారని తెలిసింది. ఇక్కడ గని తెరవకపోతే కోలారు గనులకు పోతానన్నాడు తమ్ముడు. అక్కడికి పోయిన మావాళ్లలో తిరిగొచ్చినవాళ్లు తక్కువ. నాకు వాడు తప్ప ఎవరున్నారు?

ఉపాయం తమ్ముడిదే. ఊళ్లో నగలు చేసే ఆచారి ఉన్నాడు, ఆయన దగ్గర ఆకురాయి ఉంది. కావలసింది కాస్త బంగారం. నా భర్త పోయిన పదకొండో నాడు తాళి నుంచి తీసిన రెండు గుండ్లు నా పెట్టెలో ఉండేవి. వాడు అడగలేదు. నేనే తీసిచ్చాను. ఆచారి వాటిని రాచి పొడి చేశాడు. తెల్లవారి దీపం పెట్టి కూర్చున్నాను గాని దేవుణ్ణి ఏమీ అడగలేదు. అడిగితే వద్దంటాడని తెలుసు.

పొడిని రాళ్లతో పాటు రోట్లో వేసింది నేను. నా చేతులతోనే.

పెద్దనాయన తట్ట ఊపాడు. నీళ్లు పోశాడు, మళ్లీ ఊపాడు. అంచున పచ్చటి తోక నిలిచింది. కోస్తా నుంచి వచ్చిన ఆఫీసరు, చిన్న వయసువాడు, కుర్చీలోంచి లేచి పరుగెత్తుకొచ్చాడు. ఈ రాయి తెచ్చిన చోటే కిందికి మనుషుల్ని దించుతానన్నాడు. వచ్చే సోమవారమే. పేర్లు రాసుకున్నారు. మొదటి పేరు మా తమ్ముడిది. జనం ఈలలు వేశారు.

పెద్దనాయన మాత్రం తట్ట దించలేదు. బొటనవేలితో ఆ పచ్చటిదాన్ని అదిమి, ఎండలో పెట్టి చూశాడు. తర్వాత తల ఎత్తి, వరసగా ఉన్న రోళ్లను చూశాడు. నా రోలు దగ్గర ఆయన చూపు ఆగింది.

"దొరా, ఇది రాతి బంగారం కాదు," అన్నాడు. "రాతిది ఉప్పురవ్వ మాదిరి గరుగ్గా ఉంటాది. ఇది చుట్ట చుట్టుకొన్యాది, ఆకురాయితో గీకింది. రాగి కూడా కలిసి ఉండాది. ఎవరి ఒంటి మీదిదో."

ఈలలు ఆగిపోయాయి.

"ఎవరు కలిపారు?" అన్నాడు ఆఫీసరు. ముఖం ఎర్రబడింది. "చెప్పకపోతే దంచినవాళ్లందరినీ స్టేషనుకు పంపిస్తాను."

నేను రోలు వెనక్కి జరిగాను. తమ్ముడు నేల చూశాడు.

"వాళ్లందరూ ఎందుకు దొరా? తట్ట నాది. తట్టలో ఉండేదీ నాదే. రాసుకో నా పేరు."

"నువ్వే కలిపి నువ్వే చెప్తున్నావా? పిచ్చా నీకు?"

"ముసలోణ్ణి గదా," అన్నాడు పెద్దనాయన.

ఆయన్ను జీపు ఎక్కించారు. నా పక్క నుంచి పోతూ ఒక్క మాటన్నాడు, పెదవి కదలకుండా. "రోలు కడిగి పెట్టమ్మీ."

రెండు రాత్రులు స్టేషన్లో ఉంచుకొని వదిలేశారు. ఆయన నడిచి తిరిగొచ్చేసరికి డేరాలు లేవు.

ఊరు ఆయన మీద పడింది. దొంగ బంగారం తనే కలిపి, తనే పట్టించి, గనికి అడ్డం పడ్డాడన్నారు. మంగలి గడ్డం గీయనన్నాడు. ఎవరూ నిప్పు ఇవ్వలేదు. తమ్ముడు అసలు సంగతి నోరు విప్పి చెప్పలేక, ఊళ్లో తల ఎత్తలేక, గుంతకల్లుకు పోయి రైలుపట్టాల పనిలో చేరాడు. కోలారు పోలేదు, గనిలో దిగలేదు. అయినా తమ్ముణ్ణి నాకు దూరం చేసింది పెద్దనాయనే అనుకున్నాను. నా తప్పు కప్పినవాడి మీదే నాకు కోపం. పూజ తప్పలేదు, ఉపవాసం తప్పలేదు, ఆ కోపమూ తప్పలేదు.

ఒకసారి మాత్రం గోడ మీద నుంచి అడిగాను.

"ఎందుకు నీ మీద వేసుకొన్యావు?"

"నాకు దగ్గుండాది. దగ్గేటోణ్ణి పోలీసోళ్లు కొట్టరు. యాడ చస్తాడో అని భయం." నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. తేరుకొని అన్నాడు: "సోమవారం మొదుట దిగేది వాడే గదమ్మీ. నీ గుండ్లు నమ్మి దిగేటోడు."

గుండ్లు నావని ఆయనకెలా తెలుసో నేను అడగలేదు.

ఆ మరుసటేడు, పట్టపగలు, ఉరుమినట్టు చప్పుడైంది. పాత గని నోటి చుట్టూ నేల కుంగిపోయింది. డేరాలు వేసిన చోటు సగం దాకా లోపలికి దిగింది. ఊరంతా వెళ్లి చూసొచ్చింది. ఇప్పుడైనా ఆయనకొక మంచి మాట దక్కుతుందనుకున్నాను.

"ముసలోని నోరు సూసినారా? వాడి దిష్టికి భూమి కూడా పగిలింది," అన్నారు.

ఆ మాట విని పెద్దనాయన సంగటిముద్దలో ఊరిబిండి నంజుకుంటూ, "బలే నోరే నాది," అన్నాడు.

చివరి రెండేండ్లు ఆయనకు వండి పెట్టింది నేనే. గోడ మీద గిన్నె పెడితే తీసుకునేవాడు. బాగుందనలేదు. ఉప్పు తక్కువైతే మాత్రం చెప్పేవాడు. నేను క్షమించమని అడగలేదు. ఆయన అడిగించుకునే మనిషి కాదు.

పోయిన నాటి సాయంత్రానికి గుంతకల్లు నుంచి తమ్ముడు వచ్చాడు. పక్కూరి బంధువులు ముగ్గురు వచ్చారు. నలుగురూ పాడె ఎత్తారు. వీధిలో జనం నిలబడి చూశారు. టీ అంగడి దగ్గర మళ్లీ ఆ గొంతే.

"జాగ్రత్తప్పా, గుంతలో పెట్టే ముందు మొల తడిమి చూడండి. దొంగ బంగారం ఉంటాది."

పాడె వెనక వస్తున్న నేను అక్కడ ఆగాను. మా ఆచారంలో ఆడవాళ్లు వీధి చివరి దాకానే వస్తారు. నాకు చాలినంత దూరమే.

"ఆ బంగారం నాది," అన్నాను. "నా తాళిగుండ్లు. రోట్లో వేసింది నేను. పదేండ్లు మీరు తిట్టింది నన్ను. ఆయన విన్నాడు."

తమ్ముడు పాడె కింద నుంచి "అక్కా, ఊరుకో," అన్నాడు.

"ఊరుకున్నదే చాలు. నువ్వు నడువు," అన్నాను.

ఎవరో ఒకరైనా ముందుకొచ్చి భుజం పడతారని నాలో ఆశ ఉండిందేమో. ఎవరూ రాలేదు. ఒకడు ఉమ్మేశాడు. ఆనాడు నా పక్కనే దంచినావిడ ఒకామె, "అంటే మా అందర్నీ స్టేషనుకు పంపేదానికి సూసినావా నువ్వు?" అంది. నిజమే.

ఇప్పుడు నా ఇంటి గడప ఎవరూ తొక్కరు. దీపానికి నూనె అంగడివాడు చేతికివ్వడు, నేల మీద పెడతాడు. కష్టంగానే ఉంది. ఆయన పదేండ్లు మోశాడు. నాకింకా నెల కాలేదు.

నిన్న బావి దగ్గర వరసలో నా కడవను తీసి అందరి వెనక పెట్టారు. నేనూ వెనకే నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి అడుగునీళ్లు. ఎర్రగా, బురదగా ఉన్నాయి. ముంచుకొని ఇంటికి తెచ్చి, గడప దగ్గర పెట్టుకొని కూర్చున్నాను. తేరడానికి చాలాసేపు పట్టింది. మొదట ఏమీ కనపడలేదు. తర్వాత మన్ను మెల్లగా కిందికి దిగింది, పైన వేలెడంత నీరు తేటపడింది, అందులో మిద్దె అంచూ, ఆకాశం ముక్కా కనపడ్డాయి.