చెట్టు మాస్టారి పెరడు

ఆయన కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. అందరూ మాత్రం చెట్టు మాస్టారనే పిలిచేవారు. పవిత్ర వృక్షం గురించి ఆయన మాట్లాడని హాలు లేదు. అడిగిందల్లా ఇచ్చే కల్పవృక్షం, వేళ్లు పైకీ కొమ్మలు కిందకీ ఉండే తలకిందుల చెట్టు, లోకాలన్నిటినీ మోసే ఉత్తరదేశాల మహావృక్షం, పండు తిన్న పాపానికి తోటలోంచి గెంటించుకున్న దంపతులు, అన్నీ ఆయన నాలుక చివరే ఉండేవి. "చెట్టంటే భూమికీ ఆకాశానికీ నడుమ నిచ్చెన!" అని గొంతు వణికించగానే ముందు వరుస కళ్లు తుడుచుకునేది.

ఇంట్లో మాత్రం చెట్టంటే ఆయనకు ఒళ్లుమంట. పెరట్లో ఉన్నదాని పేరేమిటో కూడా కనుక్కోలేదు. అది పురాణాల్లో లేదు మరి! పక్షి ఆత్మకు సంకేతమని సభల్లో చెప్పేవారు. తన కారు మీద ఆ ఆత్మలు చేసి వెళ్లిన పని చూసి ఆయన అనే మాటలు మాత్రం అచ్చుకెక్కేవి కావు.

ఒకరోజు బాత్‌రూమ్‌లో నీళ్లు నిలిచిపోయాయి. ప్లంబర్ గొట్టంలోంచి జడంత వేళ్లు లాగాడు.

"వేళ్లు పాతాళాన్ని తాకుతాయన్నారుగా. దారిలో మనింట్లో ఆగాయి" అంది మాస్టారి భార్య.

మాస్టారు చెట్టు కొట్టే అతన్ని ఆదివారం రమ్మన్నారు. అతను కొమ్మెక్కి రంపం ఆడిస్తుండగా గేటు తీసుకుని పదిమంది శ్రోతలు లోపలికొచ్చారు. తన ఆలోచనలన్నీ పెరటి చెట్టు కిందే పుట్టాయని కిందటి సభలో ఊపు మీద అనేశారాయన. ఆ చెట్టును చూసి తరించడానికి వచ్చారు వాళ్లు.

"పైనున్నదెవరండీ?" అడిగింది ఒక రిటైర్డ్ నర్సు.

"చెట్లకు వైద్యం చేస్తాడు" అన్నారు మాస్టారు.

"వైద్యమేంటి సార్? మొదలంటా కొట్టెయ్యమన్నారుగా!" పైనుంచి కేక వినిపించింది.

మాస్టారు తడుముకోలేదు. "త్యాగం! చెట్టు చచ్చి మళ్లీ పుడుతుంది. అన్ని మతాలూ చెప్పేది ఇదే" అన్నారు.

చప్పట్లు మోగాయి. "అయితే కానివ్వండి మాస్టారూ, తలో కొమ్మా పట్టుకెళ్తాం" అంది నర్సు. మధ్యాహ్నానికల్లా మొద్దు తప్ప ఏమీ మిగల్లేదు. లావుపాటి కొమ్మ కోసం ఇద్దరు పెద్దమనుషులు కాలర్లు పట్టుకునేదాకా వెళ్లారు.

అందరూ వెళ్లాక మాస్టారు మొద్దు మీద చెయ్యి వేశారు. తడిగా తగిలింది. ఇన్నేళ్ల ఉపన్యాసాల్లో ఎక్కడా ఆ తడి ప్రస్తావన లేదు. చెయ్యి తీయబుద్ధి కాలేదు. ఎండ నెత్తిన పడుతోంది.

"లోపలికి రండి" అంది భార్య.

"ఇక్కడ నీడ ఉండేది కదూ?"

"ఉండేది. మీరెప్పుడు కూర్చున్నారని!"

కొన్నాళ్లకు మొద్దు చిగురించింది. మాస్టారి మాట నిజమైందని జనం తండోపతండాలుగా వచ్చి మొద్దుకు దండం పెట్టారు, ఆయనకూ పెట్టారు. మరోసారి కొట్టించే ధైర్యం ఆయనకు లేదు. చిగుళ్ల గురించి మాట్లాడమంటే గొంతు పట్టేసిందంటారు. ఇప్పుడు ఆయన ఉపన్యాసం నదుల పవిత్రత మీద. ఈత రాదు కాబట్టి నదిలో దిగాల్సివచ్చే ప్రమాదమేమీ లేదని ఆయన నమ్మకం.