ఖాళీ గది చూసొచ్చిన ధనుంజయరావు

ధనుంజయరావు ఎక్కడికి వెళ్లినా ఏదో ఒక పిచ్చి తగిలించుకుని వచ్చేవాడు. హైదరాబాదు వెళ్లొచ్చి, రోహిణి ఎండల్లో సఫారీ సూటు తొడుక్కుని తిరిగాడు. బెంగళూరు వెళ్లొచ్చి పెరట్లో గులాబీలు పెట్టాడు. అవి మాడిపోతే, నీళ్లు సరిగా పోయలేదని భార్య సీతారావమ్మ మీద అలిగి అన్నం మానేశాడు. గురజాల పక్కన మా ఊళ్లో ఆయనకు పురుగుమందుల కొట్టుంది, మీసం ఉంది. తెలివి మాత్రం ఎప్పుడూ అరువే.

ఎనభై ఆరులో మందుల కంపెనీ వాళ్లు డీలర్లందరినీ విశాఖపట్నం తీసుకెళ్లి, సముద్రం ఒడ్డున కొత్తగా కట్టిన హోటల్లో దించారు. ఆ ముచ్చట ఎదురింటి వాణ్ణయిన పాపానికి నేను వినని రోజు లేదు.

గదిలో అడుగు పెట్టగానే ఇంకా సామాను దించలేదేమో అనుకున్నాడట. గోడకు క్యాలెండరు లేదు, చొక్కా తగిలించుకోవడానికి మేకు కూడా లేదు. మంచం స్థానంలో జానెడెత్తు గట్టు, దాని మీద పరుపు, తెల్ల దుప్పటి. మూలన మట్టికుండ, అందులో ఒక ఎండుకొమ్మ. మిగతాదంతా కిటికీ, కిటికీ నిండా సముద్రం. ఈయన విప్పిన చొక్కా భుజాన వేసుకుని, బనీనుతోనే కిందికి దిగి మేనేజర్ని పట్టుకున్నాడు.

"ఏందండీ, కుర్చీలూ బీరువాలూ ఎప్పుడొస్తయి?"

"అన్నీ వచ్చేశాయి సార్. ఇది డిజైన్. మద్రాసు నుంచి పెద్ద ఆర్కిటెక్టు వచ్చి కట్టారు. కంటికి ఏమీ అడ్డం రాకపోతే మనసు ప్రశాంతంగా ఉంటుంది."

అదే మాట మా ఊరివాడెవడైనా అని ఉంటే వాణ్ణి చెడతిట్టేవాడు. టై కట్టుకున్న మనిషి అన్నాడు కాబట్టి తలూపి పైకెళ్లాడు. చొక్కా ఎక్కడ పెట్టాలో తెలియక, మళ్లీ తొడుక్కునే పడుకున్నాడు. పొద్దున్నే మోకాళ్లు పట్టేస్తే గోడ ఆనుకుని లేచాడు. ఇంత అవస్థ పడ్డవాడు తిరుగు రైలెక్కే వేళకు రుషి అయిపోయాడు. సముద్రం ఎలా ఉందని అడిగితే, "బాగుంది, చానా ఖాళీగా ఉంది" అన్నాడు నాతో.

వచ్చీ రాగానే ఇల్లు ఖాళీ చేయించడం మొదలుపెట్టాడు. పందిరిమంచం, వాకిట్లో నులకమంచం, బీరువా, సీతారావమ్మ భోషాణం, ఆఖరికి దేవుడి పటాలు కూడా ట్రాక్టరెక్కాయి. వాటిని నకరికల్లులో ఆమె పుట్టింటికి చేర్చే పని డ్రైవర్ మౌలాలీది.

"చెన్నకేశవులు వాళ్లు చూస్తే ఏమనుకుంటారయ్యా? వద్దు" అని ఆమె మొత్తుకుంది.

"నీకేం తెలుసే డిజైన్ సంగతి" అన్నాడు.

ఆమెకు తెలిసింది వేరే సంగతి. మా వైపు ఉన్నట్టుండి ఇల్లు ఖాళీ అయిందంటే ఒకటే అర్థం. కొట్లాటకు దిగేవాడు ముందు సామాను చుట్టాలిళ్లకు చేరుస్తాడు, అవతలివాళ్లు తగలబెట్టినా కాలేది ఉత్త గోడలేనని. చెన్నకేశవులు కుటుంబానికీ వీళ్లకూ తండ్రుల నాటి పగ. రెండు వైపులా మనుషులు పోయాక పెద్దలు కూర్చోబెట్టి రాజీ చేశారు. ఆ రాజీ అయ్యాకే సీతారావమ్మ వాకిట్లో మంచం వేసుకుని నిద్రపోగలిగింది. ఇప్పుడు ఆ మంచమే ట్రాక్టరెక్కి పోయింది.

సాయంత్రానికి చెన్నకేశవులు ఇంటి దగ్గర మనుషులు చేరారు. నేను పరుగున వచ్చి, చెన్నకేశవులు దగ్గరికి వెళ్లి హోటల్ సంగతి చెప్పి రమ్మని ధనుంజయరావును బతిమాలాను. ఆయన మీసం దువ్వుకున్నాడు.

"భయపడ్డాడా? పడనీ."

పుట్టిన దగ్గర్నుంచి ఆయన్ను చూసి భయపడ్డ మనిషి లేడు. ఇప్పుడు ఒకడు భయపడుతున్నాడంటే ఒళ్లు పులకరించింది. హోటల్ మోజని చెబితే నవ్వుతారు, చెప్పకపోతే హడలిపోతారు. ఊరు తగలబడినా సరే, నవ్వులపాలు కాకూడదు. అంత అసహ్యం నాకు ఏ మనిషి మీదా కలగలేదు.

మర్నాడు ఖాళీ ట్రాక్టరుతో వస్తున్న మౌలాలీని చెన్నకేశవులు మనుషులు కాలవకట్ట మీద ఆపారు.

"ఎందుకురా సామానంతా పంపాడు మీ ఆసామి?"

"వైజాగులో హోటల్లో మంచాల్లేవంట అన్నా. అందుకని మనింట్లోనూ ఉండకూడదంట."

ఉన్నది ఉన్నట్టు చెప్పాడు పాపం. వెక్కిరిస్తున్నాడనుకుని కుడిచెయ్యి విరగ్గొట్టారు.

కబురు తెలిశాక సీతారావమ్మ ఇక మొగుణ్ణి అడగలేదు. ఎన్నడూ తొక్కని చెన్నకేశవులు వాకిట్లోకి నడిచి, కర్రలు పట్టుకున్న మగాళ్ల మధ్య నిలబడింది.

"అన్నా, వచ్చి మా ఇల్లు చూసుకో. నా మొగుడికి కొట్లాడే ధైర్యం యాడుంది? ఉన్నదల్లా తిక్క."

చెన్నకేశవులు వచ్చాడు, వెనకాలే ఊరంతా వచ్చింది. ఖాళీ హాల్లో నేల మీద ధనుంజయరావు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా మట్టికుండ, అందులో ఎండిన పత్తికట్టె. చెన్నకేశవులు కుండను చూశాడు, మనిషిని చూశాడు. ముందు ఆయనే నవ్వాడు. ఆ నవ్వు వీధి చివరిదాకా పాకింది. కర్రలు ఇళ్లకు పోయాయి, మంచం మళ్లీ వాకిట్లోకి వచ్చింది.

తర్వాత ఒకరోజు టీకొట్టు దగ్గర ధనుంజయరావు నా పక్కన కూలబడ్డాడు.

"ఆడమనిషి ఊరందరి చేత నవ్వించింది. దానికన్నా ఆ రోజు వాళ్లు నన్ను పొడిచినా బాగుండేది."

బల్ల చివర మౌలాలీ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో టీ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టాడు.

"అవును బాబాయ్. వాళ్లు ముందు నీ కాడికే వచ్చుంటే నాకూ బాగుండేది."