మీటరు వెనక విప్పిన వైరు

నా మీద ఒక బరువుంది. చెప్పబోతే చిన్నదే, ఒక సన్నని వైరు కొస. దాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను, మోసి మోసి అలిసిపోయాను. నా భార్యకి కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడక్కండి. పేరు పెట్టి రాయాలంటే ఒక్క ముక్క కూడా రాయలేను.

బరంపురంలో మాకు కరెంటు సామాన్ల దుకాణం ఉంది. బేరాలు ఒడియాలో, తిట్లు తెలుగులో. చిన్నప్పటి నుంచి వైర్లు, స్విచ్చుల మధ్యే పెరిగాను. ఏ లైటు ఎందుకు వెలగడం లేదో వెతికి పట్టుకోగలనని లోపల కాస్త గర్వం కూడా ఉండేది.

పెళ్లికి ముందు ఒక పాత బైకు కొన్నాను. సముద్రం ఒడ్డున తిరిగి ఉప్పుగాలి తిన్న బండి. ఇంజను బాగానే ఉంది. ఒక్కటే జబ్బు. సైడు స్టాండు దించి ఉన్నప్పుడు మీటరులో ఎర్ర లైటు వెలగాలి, ఎత్తగానే ఆరాలి. ఈ బండికి స్టాండు ఎత్తినా ఆరేది కాదు. ఎప్పుడు చూసినా ఎర్రగా ఒక కన్ను నన్నే చూస్తున్నట్టు ఉండేది.

ముందు స్టాండు దగ్గర స్విచ్చు చెడిందనుకున్నాను. దాని ప్లగ్గు ఊడదీశాను. అయినా లైటు ఆరలేదు. అంటే తప్పు స్విచ్చులో లేదు, దారిలో ఎక్కడో వైరు ఒరుసుకుపోయి బండి ఇనుముకి తగులుతోంది. ట్యాంకు దించి, టేపు విప్పి, వైరంతా తడిమి చూశాను. ఒకచోట రాగి బయటపడి కనిపించింది. చుట్టేశాను. లైటు ఆరింది. ఎంత సంబరపడ్డానో! వీధి చివర గతుకు దాటగానే మళ్లీ వెలిగింది. ఇంకెక్కడో కూడా తగులుతోందన్నమాట. మళ్లీ విప్పాను, మళ్లీ వెతికాను, దొరకలేదు. చివరికి విసుగొచ్చి మీటరు వెనక చెయ్యి పెట్టి, ఆ లైటుకి వెళ్లే వైరునే ఊడదీశాను. కొస మడిచి, టేపు చుట్టి, లోపలికి తోసేశాను. ఎర్ర కన్ను మూసుకుంది. నా బండి, నా ఇష్టం. స్టాండు తీసే అలవాటు నాకు ఉంది. అప్పటికది తప్పని ఎవరైనా అంటే నవ్వేవాణ్ణి.

అక్కని గంజాం ఊళ్లో ఇచ్చాం. బావకి అక్కడ చిన్న కిరాణా కొట్టు. చాలా ఏళ్లు సైకిలు మీదే తిరిగిన మనిషి, బండి నేర్చుకున్నది ఆలస్యంగా. నేను కొత్త బండి తీసుకుంటున్నానని తెలిసి, పాతది తనకిమ్మన్నాడు. బయటివాళ్ల దగ్గర కొంటే మోసపోతాం, నువ్వయితే నమ్మకం అన్నాడు. ఆ మాట ఇవాళ్టికీ చెవిలో ఉంది.

ఇచ్చే రోజున మీటరు మీద ఉన్న స్టాండు బొమ్మని వేలితో చూపించి, ఇదేమిటని అడిగాడు. స్టాండు దించి ఉంటే ఎర్రగా వెలుగుతుంది బావా, మర్చిపోయినా అదే గుర్తు చేస్తుందని చెప్పాను. ఎందుకు చెప్పాను? వైరు ఊడి ఉందని నాకు తెలుసు. ఒక్క మాట సరిపోయేది, ఇది పనిచెయ్యదు బావా అని. ఆ మాటంటే ఎందుకు బాగుచెయ్యలేదని అడిగేవాడు. చేతకాలేదని ఒప్పుకోవాల్సి వచ్చేది. అంతే. ఇన్నేళ్లుగా తవ్వుకుంటే నాకు దొరికిన కారణం అదొక్కటే, నా పనితనానికి మచ్చ రాకూడదని.

బండి తీసుకెళ్లిన కొద్ది రోజులకే అక్కని ఎక్కించుకుని చమఖండిలో ఎవరింటికో పేరంటానికి బయలుదేరాడు. దారిలో టీ దుకాణం దగ్గర ఆగారు. మళ్లీ ఎక్కినప్పుడు స్టాండు తియ్యలేదు. కాస్త ముందుకెళ్లి ఎడమవైపు ఊళ్లోకి తిరిగేటప్పుడు బండి వంగింది. స్టాండు రోడ్డుకి తన్నుకుని బండి పడిపోయింది. బావకి మోచేతులు కొట్టుకుపోయాయి. అక్క తుంటి ఎముక విరిగింది.

కబురందగానే పరుగెత్తాను. కానీ ముందు ఆస్పత్రికి వెళ్లలేదు. బండిని ఆ టీ దుకాణం పక్కన నిలబెట్టారని తెలిసి అక్కడికే వెళ్లాను. స్టాండు దించే ఉంది, మేమందరం చూశామని దుకాణం ఆయన ఒడియాలో చెబుతూనే ఉన్నాడు. తలూపుతూ మీటరు వెనక చెయ్యి పెట్టి, టేపు లాగేసి, వైరు మళ్లీ తగిలించాను. తాళం తిప్పాను. ఎర్రగా వెలిగింది. ఆ తర్వాత ఆస్పత్రికి వెళ్లాను. మా అక్క లోపల నొప్పితో అరుస్తుంటే, ముందు నా వైరు సర్దుకుని వెళ్లిన మనిషిని నేను.

బావ వరండాలో కింద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయాడు.

"ఒరే, నువ్వు సెప్పావు కదా, ఎర్ర లైటు ఎలుగుతాదని," అన్నాడు. "ఎలిగిందేటి? నాకేటీ గ్యాపకం రావట్లేదు. నేను సూడనేదా?"

"ఎలిగే ఉంటాది బావా," అన్నాను.

"నిజం సెప్పు. బండి సూసేవా?"

"ఇప్పుడే సూసొచ్చాను. లైటు బాగానే ఎలుగుతోంది."

ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు.

"అయితే నేనే సూడనేదు," అన్నాడు. "కళ్లెదురుగా ఎలుగుతుంటే సూడనేదు. నేనే దాన్ని పడేశాను."

నేను కాదనలేదు. ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఓదార్చాను కూడా. ఎవరికైనా జరుగుతాది, ఊరుకో బావా అన్నాను. నేనన్న మాటల్లో నన్ను ఎక్కువగా కాల్చేది ఆ అబద్ధం కాదు, ఈ ఓదార్పే.

తర్వాత ఆ బండిని ఎవరూ చూడకుండా నేనే తుక్కుకి అమ్మించాను.

అక్క కోలుకుంది, కానీ ఎడమకాలు ఈడుస్తుంది. అంతకుముందు ఊళ్లో సగం మంది జాకెట్లు తనే కుట్టేది. ఇప్పుడు మిషను ముందు ఎక్కువసేపు కూర్చోలేదు. కాళ్లతో తొక్కే పని లేకుండా నేను మోటారు బిగించి ఇచ్చాను. తమ్ముడంటే వీడు అని వచ్చినవాళ్లందరికీ చూపించింది. బావని మాత్రం క్షమించలేదు. కూరలో ఉప్పెక్కువైనా, వాన వచ్చి తుంటి సలిపినా మాట ఆ స్టాండు దగ్గరికే వస్తుంది. ఆయన ఎదురు చెప్పడు. మళ్లీ బండి ముట్టలేదు. గంజాం నుంచి బరంపురానికి సరుకు కోసం బస్సులోనే వస్తాడు.

నన్ను నేను చాలాసార్లు సమర్థించుకున్నాను. స్టాండు తియ్యనిది ఆయనే కదా? లైటు వెలిగినా చూసేవాడని నమ్మకమేమిటి? ఎండలో ఆ చిన్న లైటు కనబడేదా? ఇవన్నీ నిజం కావచ్చు. కానీ వెలిగిన లైటుని చూడలేదని ఒక మనిషి ఇన్నేళ్లు తనని తాను తిట్టుకోవడం, ఇంటిదాని చేత తిట్టించుకోవడం అబద్ధం. ఆ అబద్ధం నాది. లేని లైటుని ఎవరు చూడగలరు?

ఈ మధ్య మేనకోడలికి కాలేజీకి వెళ్లడానికి స్కూటరు కొన్నారు. పోయిన వారం నేను వాళ్లింట్లో ఉన్నాను. పొద్దున్నే పిల్ల బయలుదేరుతుంటే బావ గేటు దగ్గర వంగి స్టాండు వంక చూస్తున్నాడు. మోకాళ్లు నొప్పులు, అయినా వంగాడు. ఇప్పటి బండ్లు స్టాండు దించి ఉంటే స్టార్టే కావని చెప్పాను. తెలుసులే అన్నాడు. లోపల్నుంచి అక్క గొంతు వినబడింది: "అప్పుడుండాల్సింది ఆ సూపు!"

ఇక నా వల్ల కాలేదు. ఆ మధ్యాహ్నం కొట్టులో ఎవరూ లేనప్పుడు బావకి చెప్పేశాను. వైరు ఊడదీసిన సంగతి, తెలిసి కూడా దాచిన సంగతి, ఆస్పత్రికి వచ్చే ముందు మళ్లీ తగిలించిన సంగతి. ఆయన పప్పు బస్తా మూతి కడుతున్నాడు. చేతులు ఆగిపోయాయి. అక్కకి తెలుసా అని ఒక్కటే అడిగాడు. తెలియదన్నాను. ఇంతలో ఎవరో చక్కెరకి వచ్చారు. తూచి, పొట్లం కట్టి ఇచ్చాడు. నా వైపు మళ్లీ చూడలేదు. నేను కాసేపు నిలబడి, బస్సెక్కి వచ్చేశాను.

నిన్న అక్క ఫోను చేసింది. మామూలు గొంతుతోనే మాట్లాడింది, ఫ్యాను రెగ్యులేటరు తెమ్మంది. మధ్యలో బావని దేనికో కసిరింది, మళ్లీ ఆ స్టాండు మాటే అనేసింది. ఆయన పక్కనే ఉన్నట్టున్నాడు.

చెప్పలేదన్నమాట. చెప్పి ఉంటే ఆ ఇంట్లో తల ఎత్తుకుని తిరిగేవాడే. ఎందుకు చెప్పలేదు? నా మీద దయా? అలా అనుకోవడానికి నాకు మొహం లేదు. ఈ మాట నా నోటి నుంచే రావాలని ఊరుకున్నాడా? అక్కకి ఉన్న ఒక్క తమ్ముణ్ణి కూడా దూరం చెయ్యడం ఇష్టం లేదా? నాకు తెలియదు. అడిగే ధైర్యమూ లేదు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

అక్కకి నేనే చెప్పాలి. రెగ్యులేటరు పట్టుకుని ఆదివారం వెళతాను. నోరు పెగులుతుందో లేదో తెలియదు, అందుకే ముందు ఇక్కడ రాస్తున్నాను. విన్నాక ఆవిడ నన్ను గడప తొక్కనిస్తుందో లేదో కూడా తెలియదు. తొక్కనివ్వకపోతే అది ఆవిడ ఇష్టం, అడిగే హక్కు నాకు లేదు.

అక్కా, ఆ రోజు బావ చూడకపోవడం కాదు. లైటు వెలగలేదు. వెలగకుండా చేసింది నేను.

రాసేశాను. ఇన్నేళ్లలో మొదటిసారి ఊపిరి కడుపు దాకా దిగింది.