బావగారి బండికి బస

ఫోను మీద వేలు పెడితే చాలు, మోటారు సైకిలు నిలుపుకోవడానికి చోటున్న లాడ్జీలు ఏవో, రిపేరు షాపు ఎంత దూరమో, అందులో మేస్త్రీ మంచివాడో కోపిష్టో కూడా చెప్పేసే కాలం ఇది. మేము బండి మీద విదేశయాత్ర చేసిన ఆ రోజుల్లో (పదిహేనేళ్ళ కిందటి మాట, విదేశం అంటే నేపాల్, నవ్వుకోండి, పర్వాలేదు) ఈ వైభోగం మాకు లేదు. ఫోన్లు ఉన్నాయి గానీ సరిహద్దు దాటగానే మా సిమ్ములు మూగనోము పట్టాయి. మా దగ్గర ఉన్నదల్లా జగ్గయ్యపేట హైవే శాస్త్రం. హైవే పక్కన పుట్టినవాడికి అది ఎవరూ నేర్పక్కర్లేదు. లారీలు ఆగిన చోట భోజనం బాగుంటుంది, బళ్ళు బారులు తీరిన చోట మేస్త్రీ మంచివాడై ఉంటాడు. బెజవాడ వెళ్ళినా, హైదరాబాదు వెళ్ళినా ఈ శాస్త్రం మమ్మల్ని ఏనాడూ మోసం చెయ్యలేదు. హిమాలయాల్లో మాత్రం ఎందుకు చేస్తుంది అనుకున్నాం.

మేము అంటే నేనూ, మా బాబాయీ. వరసకి బాబాయే గానీ వయసులో నాకన్నా రెండేళ్ళే పెద్ద. సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా దగ్గర పనిచేసేవాడు. ఉత్తరాది డ్రైవర్లతో పొద్దస్తమానం మాట్లాడీ మాట్లాడీ హిందీ వచ్చేసిందని చెప్పుకునేవాడు. నిజంగానే వచ్చు, కాకపోతే అది కాటా హిందీ. బండి వెనక్కి తియ్యి, చీటీ చూపించు, పట్టా కప్పు, పక్కకి జరుగు. ఇంతకు మించి మనిషి మనిషితో మాట్లాడవలసింది ఏముంటుందని ఆయన ఉద్దేశం. నేను పేటలో ఒక ఎరువుల కొట్లో గుమాస్తాని. కోతలు కోయడంలో నాకు అప్పటికే మంచి పేరుంది. నేను వాన వస్తోందని కేకేస్తే, మా ఇంట్లో ముందు ఆకాశం వంక చూసి ఆ తరవాతే ఆరేసిన బట్టలు తీసేవాళ్ళు.

బండి మా బావగారిది. ఆయన నందిగామలో లెక్కల మాస్టారు. ఆదివారం పొద్దున్నే మెత్తటి పాత పంచె ముక్కతో ఆ నల్ల బండిని ఆయన తుడిచే తీరు చూసి, పెళ్ళైన దగ్గర్నుంచీ తన మొహం వంక కూడా అంతసేపు చూసింది లేదని మా అక్క అనేది. అలాంటి బండిని అడగడానికి బాబాయ్ పశుపతినాథుణ్ణి అడ్డం పెట్టాడు. దైవదర్శనానికి కాదంటే పాపం చుట్టుకుంటుందేమోనని బావగారు రెండు రోజులు నలిగి, చివరికి తాళం చెవి ఇస్తూ రెండు షరతులు పెట్టారు. రాత్రిపూట బండి కప్పు కిందే ఉండాలి. బండిని పరాయి చేతిలో పెట్టకూడదు. మేము ఎక్కడ పడుకున్నా, ఎవరి చేతిలో పడినా తనకేమీ అభ్యంతరం లేదన్నారు. మా అక్క మాత్రం గేటు దాకా వచ్చి, బావగారికి వినపడకుండా అంది: "ఒరేయ్, ఆయన తాళం ఇచ్చింది నిన్ను చూసి కాదు, నా తమ్ముడికి నేను పూచీ అన్నానని. ఈ ఒక్కసారికి నా మాట పోనీకురా." ఆ ఇంట్లో నా గురించి ఒకరు పూచీ పడడం అదే మొదటిసారి. సరదాగా బయల్దేరినవాణ్ణి, ఆ మాటతో బండి ఎక్కేసరికి వీపు మీద ఎరువు బస్తా పెట్టినట్టయింది.

దారిలో మేము లాడ్జీలు ఎంచుకున్న పద్ధతి చూసి జనం బిత్తరపోయారు. గది చూపిస్తామంటే బాబాయ్ వద్దనేవాడు, ముందు బండికి కప్పు చూపించమనేవాడు. కప్పు ఉంటే దాని కింద నిలబడి, పైకి చూసి, ఎక్కడైనా కారుతుందా అని అడిగేవాడు. ఒక ఊళ్ళో లాడ్జీవాళ్ళకి బండి పెట్టే చోటు లేదంటే, ఒకే ఒక్క గది తీసుకుని బండిని అందులో పెట్టి మేము వరండాలో దోమలకి భోజనమయ్యాం. పొద్దున్నే గది ఊడ్చడానికి వచ్చినామె తలుపు తీసి, మంచం పక్కన నిలబడ్డ బండిని చూసి, మళ్ళీ నెమ్మదిగా మూసేసి వెళ్ళిపోయింది. (మంచం మీది దుప్పటి కూడా కప్పి ఉంది బండికి. ఇది మాత్రం నేను కల్పించిందే.)

బీర్‌గంజ్ దగ్గర సరిహద్దులో బండికి పర్మిట్ కాగితం రాయించుకున్నాం. తిరిగి వచ్చేటప్పుడు అది చూపించకపోతే బండిని అక్కడే ఆపేస్తామని అక్కడివాళ్ళు గట్టిగా చెప్పారు. మర్నాడు కొండ ఎక్కడం మొదలుపెట్టగానే క్లచ్ జారడం మొదలైంది. మా తాతయ్యలాగా ఇంజనులో కేకలు తప్ప బండిలో కదలిక లేదు. పైన మబ్బు, వీపు మీద మా అక్క మాట. మధ్యాహ్నం వేళ తోసుకుంటూ ఒక చిన్న ఊళ్ళోకి చేరేసరికి, రోడ్డు వారన ఒక పెద్ద రేకుల షెడ్డు, దాని ముందు అరవై మోటారు సైకిళ్ళు కనపడ్డాయి. (నేను అరవై అంటే ముప్పై అని లెక్క వేసుకోవడం మా వాళ్ళకి అలవాటు. మీరూ అలాగే కానివ్వండి.) బాబాయ్ ఆగి, చెమట తుడుచుకుని, హైవే శాస్త్రానికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

షెడ్డు పక్కనే ఇల్లు. ముందు పందిరి. గుమ్మం దగ్గర బల్ల మీద దండ వేసిన మీసాలాయన ఫొటో, అగరొత్తులు. మన పేటలో ఏ కొట్లో చూసినా కౌంటరు వెనకాల దండ వేసిన తండ్రిగారి ఫొటో ఉంటుంది కదా, ఈ లాడ్జీ పెట్టిన పెద్దాయన ఈయనే అయ్యుంటాడని బాబాయ్ తేల్చేశాడు. మర్యాదగా దణ్ణం పెట్టాడు, నేనూ పెట్టాను. అది చూసి అక్కడున్నవాళ్ళు లేచి, మా చేతులు పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు. తెల్లబట్టలు కట్టుకుని, గుండు చేయించుకుని, తెల్లటోపీ పెట్టుకున్న ఒక యువకుడు ఎదురొచ్చాడు. మేనేజరు కాబోలు, యూనిఫారం చూశావా ఎంత శుభ్రంగా ఉందో అని బాబాయ్ నా చెవిలో అన్నాడు. లాడ్జీలో దిగినవాడు కాగితాలు ఇవ్వాలి గనక బండి పర్మిట్ తీసి ఆ యువకుడి చేతిలో పెట్టాడు. అతను దాన్ని చూశాడు, మమ్మల్ని చూశాడు, ఏమీ అర్థం కాక జేబులో పెట్టుకున్నాడు.

ఆ తరవాత జరిగినదంతా అయోమయమే. అడక్కుండానే ఆకుల విస్తళ్ళు వేసి పప్పూ, అన్నం, పూరీలు వడ్డించారు. రేటు ఎంతని అడిగితే చేతులు జోడించారు. గది రేటు అడిగితే మళ్ళీ చేతులు జోడించారు. ఇది ఇక్కడి బేరం పద్ధతి అయ్యుంటుంది, మనమూ తగ్గకూడదని బాబాయ్ కూడా చేతులు జోడించి, కొంచెం తగ్గించమన్నాడు. పప్పులో ఉప్పు తగ్గిందని ఒక పెద్దావిడతో చెబితే ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని లోపలికి వెళ్ళింది. వంట గురించి ఇంత పట్టింపున్న లాడ్జీ నేనెక్కడా చూడలేదు. బండిని మాత్రం వాళ్ళే తోసుకెళ్ళి రేకుల షెడ్డులో, పొడి నేల మీద నిలబెట్టారు. నా ప్రాణం లేచొచ్చింది. ఇక బాబాయ్ ఊరుకోలేదు. తెల్లటోపీ యువకుణ్ణి పిలిచి, కాటా దగ్గర డ్రైవర్లతో మాట్లాడే గొంతుతో, క్లచ్ చూడమన్నాడు. అతను బండి వంక చూశాడు, ఫొటో వంక చూశాడు, పెరటి వైపు వెళ్ళిపోయాడు. వెంటనే భోజనాలు చేస్తున్నవాళ్ళలో పదిమంది లేచి వచ్చి బండి చుట్టూ మూగారు. ఒకడు తొక్కుతాడు, ఇంకొకడు చెవి ఆనిస్తాడు, మరొకడు కాదంటాడు. "ఒక్క బండికి పదిమంది మేస్త్రీలురా అబ్బాయ్, మన బెజవాడలో ఏడవాలి ఇలాంటి సర్వీసు," అన్నాడు బాబాయ్. నేను మాత్రం చేతులు లెక్కపెడుతున్నాను. పరాయి చెయ్యి ఒకటి కాదు, ఇరవై చేతులు బావగారి బండి మీద ఉన్నాయి.

సాయంత్రం జనం పల్చబడ్డాక ఒక ముసలాయన కర్ర పట్టుకుని వచ్చి మా పక్కన కూర్చున్నాడు. మా నంబరు ప్లేటు చూసి తెలుగులో పలకరించాడు. సికింద్రాబాదు మిలిటరీలో చాలా ఏళ్ళు చేశాడట. బాబాయ్ సంతోషం పట్టలేక, లాడ్జీ చాలా బాగుందనీ, రేటు ఒక్కటీ తేల్చడం లేదనీ ఫిర్యాదు చేశాడు. ముసలాయన మా ఇద్దరి మొహాలూ చూశాడు.

"గిది లాడ్జి కాదు సాబ్. మా తమ్మునిల్లు. ఫొటోల ఉన్నడు సూడు, ఆయనే. గీ షెడ్డు ఆయనదే, మస్తు మేస్త్రీ. ఇయ్యాల పదమూడో దినం. గీ బండ్లోళ్ళంత ఆయన దగ్గర బండి బాగు చేయించుకున్నోళ్ళే."

  మా హైవే శాస్త్రం అక్షరాలా నిజమైంది. బళ్ళు బారులు తీరిన చోటే మంచి మేస్త్రీ ఉన్నాడు, దండలో. పప్పులో ఉప్పు తగ్గిందని మేము చెప్పింది ఆయన భార్యకి. బేరమాడింది మేనేజరనుకున్న తెల్లటోపీతో, ఆయన కొడుకుతో. మేము దూరదేశం నుంచి చావు సంగతి తెలిసి వచ్చిన పాత ఖాతాదారులమని ఇంటిల్లిపాదీ అనుకున్నారట. ఆ రాత్రి షెడ్డులో బావగారి బండి హాయిగా నిద్రపోయింది, మేము పోలేదు.

తెల్లారేసరికి పానాల చప్పుడు. తెల్లటోపీ యువకుడు బండి పక్కన కూర్చుని క్లచ్ విప్పుతున్నాడు. తండ్రి పోయాక అతను పనిముట్టు పట్టుకోవడం అదే మొదలని పెదనాన్న, అంటే మా ముసలాయన, మెల్లగా చెప్పాడు. నిన్న మేము అడిగినప్పుడు అందుకే లేచి వెళ్ళిపోయాడట. ప్లేట్లన్నీ నేల మీద గుడ్డ పరిచి వరసగా పేర్చుతుంటే, పరాయి చెయ్యి అన్న మాట నా గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. బిగించాక అతను బండిని రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. అది మెత్తగా కదిలింది. డబ్బు చూపిస్తే మళ్ళీ చేతులు జోడించాడు. ఈసారి బాబాయ్ బేరమాడలేదు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. వెళ్ళేటప్పుడు ఏం చెప్పాలి? చావింటి గుమ్మంలో నిలబడి వస్తామని అనకూడదని మనకి పసితనం నుంచీ తెలుసు. వెళ్తామని అనడం మరీ దారుణం. పెద్దకర్మ అయిపోయింది కదా, ఇప్పుడు అనొచ్చేమో అన్నాను. "నీకు తెలుసా? నాకు తెలుసా? ఇప్పటికే చేసింది చాలు, నోరు మూసుకుని పదరా," అన్నాడు బాబాయ్. ఇంట్లో అందరూ పెరటి వైపు ఉన్న సమయం చూసి, చెప్పా పెట్టకుండా, చప్పుడు కాకుండా బండి తోసుకుంటూ మలుపు దాటి, వెనక్కి తిరిగి చూడకుండా స్టార్ట్ చేశాం. మన మర్యాద మనం నిలుపుకున్నామని నిట్టూర్చేలోపల వెనకాల హారన్లు. చూస్తే పది బళ్ళు. చేతులు ఊపుతున్నారు, అరుస్తున్నారు. రేటు ఇప్పుడు తేల్చినట్టున్నారు అన్నాడు బాబాయ్. నేను యాక్సిలరేటరు ఇంకాస్త తిప్పాను. మేము వేగం పెంచిన కొద్దీ వాళ్ళూ పెంచారు. చివరికి ఒక వంతెన మీద మేకల మంద అడ్డం వచ్చి మమ్మల్ని పట్టిచ్చింది.

ముందు బండి మీద తెల్లటోపీ, వెనకాల పెదనాన్న. యువకుడు జేబులోంచి మా పర్మిట్ కాగితం తీసి నా చేతిలో పెట్టాడు.  అది లేకుండా సరిహద్దుకి వెళ్ళి ఉంటే బండి అక్కడే, అక్క మాట అక్కడే. పెదనాన్న మాత్రం చిన్నబుచ్చుకున్న మొహంతో, ఇంటికొచ్చినోళ్ళు గిట్ల చెప్పకుండ పోతరా అని అడిగాడు. బాబాయ్ బండి దిగి, చేతులు కట్టుకుని, మొట్టమొదటిసారి కాటా గొంతు లేకుండా మాట్లాడాడు.

"మా వైపు చావింటి దగ్గర వస్తామని చెప్పకూడదండి. మళ్ళీ అలాంటి రాక రాకూడదని. అందుకే చెప్పలేదు."

పెదనాన్న వాళ్ళ భాషలో అందరికీ వివరించాడు. మేకల మంద వంతెన దాటిపోయింది. అప్పుడా యువకుడు మా బండి హ్యాండిల్ మీద చెయ్యి వేసి ఏదో అన్నాడు.

"వీడేమంటున్నడంటే, ఇంటికి వస్తమని చెప్పకుండ్రి. షెడ్డుకి వస్తమని చెప్పొచ్చంట."

చెప్పాం. ఇద్దరమూ, ఒకేసారి.

దర్శనం చేసుకుని, సరిహద్దులో కాగితం చూపించి, బండిని క్షేమంగా నందిగామ చేర్చాను. బావగారు దాని చుట్టూ తిరిగారు, స్టార్ట్ చేశారు, క్లచ్ నొక్కి వదిలారు, మళ్ళీ నొక్కారు. "ఇంత మెత్తగా కొన్న రోజున కూడా లేదు. ఎవరి చేత చేయించావ్?" అన్నారు. జరిగింది జరిగినట్టు, పొల్లుపోకుండా చెప్పాను. నా జీవితంలో అంత నిజం ఒకేసారి నేనెప్పుడూ చెప్పలేదు. ఆయన మొహం గంటు పెట్టుకున్నారు. మా అక్క గుమ్మంలో నిలబడి నా వంక చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. "పూచీ పడ్డానురా నేను. కనీసం ఇవాళైనా నిజం చెప్పు," అంది. సాక్ష్యానికి బాబాయ్ లేడు, కాటా డ్యూటీకి వెళ్ళిపోయాడు. నేను తల వంచుకుని, బెజవాడ ఆటోనగర్‌లో చేయించానన్నాను. అంతే, ఇద్దరి మొహాలూ విచ్చుకున్నాయి. అలా దారికి రమ్మన్నారు బావగారు. చూశారా, మా తమ్ముడు అడిగితే దాచడు అంది అక్క, కాఫీ కలపడానికి లోపలికి వెళ్తూ.

ఇప్పటికీ నందిగామ వెళ్తే, క్లచ్ పాడైందన్న ప్రతివాడికీ మా అక్క నన్ను చూపించి ఆటోనగర్ మేస్త్రీ అడ్రసు అడగమంటుంది. నేనూ బుద్ధిగా, ఇరుకు సందులో మూడో షెడ్డు అనీ, మేస్త్రీకి మీసాలుంటాయనీ చెబుతుంటాను. ఆ సందు కోసం ఇద్దరు ముగ్గురు వెళ్ళి వెతికారు కూడా. వెతికినవాళ్ళని చూస్తే, వాన వస్తోందన్నా ఎవరూ నమ్మని ఆ ఎరువుల కొట్టు కుర్రాడు గుర్తొచ్చి, వాడి భుజం మీద ఒకసారి చెయ్యి వెయ్యాలనిపిస్తుంది. మీకు మటుకు జరిగింది జరిగినట్టు చెప్పాను. నమ్మబుద్ధి కాకపోతే ఆటోనగరే అనుకోండి, నాకు అలవాటే.