రాహుకాలంలో కార్తేజ్

చలికాలం నడుమ ఒక పిల్లను ఇంట్లోంచి పంపించే కాగితం మీ ముందు పెడితే, సంతకం చేసేముందు మీరు దేన్ని చూస్తారు? గోడమీది క్యాలెండర్‌లో రాహుకాలాన్నా, ఆ పిల్ల ముఖాన్నా?

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు కిచెనర్‌లో బస్సెక్కేటప్పుడు నా మనసులో ఈ ప్రశ్న లేదు. సంచిలో రోముకూ, ఆఫ్రికా తీరంలోని కార్తేజ్ నగరానికీ జరిగిన మూడు యుద్ధాల మీద రాసుకున్న పన్నెండు కాగితాలు, ఒక డబ్బాలో పులిహోర ఉన్నాయి. లండన్‌లోని తెలుగువాళ్లు నెలకోసారి ఒకరింట్లో కలుస్తారు. ఈసారి ఉపన్యాసం నాది. ఇంగ్లండ్ రాజధాని అనుకునేరు. ఇది కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలోని లండన్, కిచెనర్ నుంచి గంటన్నర ప్రయాణం.

నాకు ఆతిథ్యమిచ్చిన మిత్రుడు కిరణ్ బస్టాండులో ఒక అమ్మాయిని పరిచయం చేశాడు. "స్రవంతి. జనగామ వైపు. మీరు దిగే సుధాకర్ గారింట్లోనే, కింద బేస్‌మెంట్‌లో తోటి విద్యార్థులతో అద్దెకుంటుంది. ఒకరికొకరు తోడుగా వెళ్లండి మాస్టారూ."

ఊరు దాటగానే మంచు మొదలైంది. హైవే మీద ముందున్న లారీ కనబడదు, దాని ఎర్రదీపాలు మాత్రం వెలిగి మాయమవుతున్నాయి. బస్సు నడక వేగానికి దిగింది. భయం పోగొట్టుకుందామని నేను నా ఉపన్యాసం గురించి మొదలుపెట్టాను. రెండు వాక్యాలయ్యాయో లేదో స్రవంతి నా మోచెయ్యి తాకింది.

"జర మెల్లగ, సార్. బస్సుల తెలుగు గట్టిగ మాట్లాడొద్దు."

ముందు సీటులోని ముసలాయన నిజంగానే వెనక్కి తిరిగి చూశాడు. మామూలు చూపే కావచ్చు. కానీ నలభై ఏళ్లుగా వేదికలెక్కి పూజారులతోనూ జ్యోతిష్కులతోనూ గొంతెత్తి వాదించినవాణ్ని, గుసగుసకు దిగాను.

అదే గుసగుసలో ఆమె తన సంగతి చెప్పింది. పదిరోజుల కిందట సుధాకర్ గారి పోస్టుడబ్బాలో ఒక కాగితం దొరికింది. ఫోన్‌లో దాని ఫొటో చూపించింది. 'మీరు మరీ ఎక్కువైపోయారు. వెళ్లిపోండి' అని ఇంగ్లీషులో రెండు వాక్యాలు. పేరు లేదు. అందుకే రూమ్ వెతకడానికి శనివారం కిచెనర్ వచ్చింది.

"మూడు ఇండ్లు చూసిన సార్. రెండింటికి స్టూడెంట్స్ వద్దని బోర్డు పెట్టిండ్రు. మూడోది మనోళ్లదే. వాళ్లకు బోర్డు ఖర్చెందుకని నోటితోనే చెప్పిండ్రు."

తనే నవ్వింది. వెంటనే నవ్వు ఆపేసింది.

"ఇయ్యాల సాయంత్రం మీటింగ్‌ల మనోళ్లే ఎనిమిది ఇండ్ల ఓనర్లు లెటర్ సైన్ చేస్తరట. స్టూడెంట్స్‌ని పెట్టుకోం, నెలాఖరుకు ఖాళీ చేయిస్తమని. దాన్ని వీధిల తెల్లోళ్ల ఇండ్లన్నిటికి పంచుతరట. నాకు తెల్లారుజాము కాఫీ షాపుల షిఫ్ట్. ఆ టైంకు బస్సుండదు, నడిచి పోత. ఈ ఇల్లు పోతే జాబ్ పోతది. ఇంకా రెండు సెమిస్టర్లున్నయ్. మీరు మాత్రం నా పేరెత్తకండి సార్, ప్లీజ్."

పదకొండుకు చేరాల్సిన బస్సు పన్నెండు దాటాక చేరింది. సుధాకర్ గారు కారు తెచ్చారు. గుంటూరు మనిషి, టెక్సస్ మీదుగా ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ ఐటీ ఉద్యోగి. స్రవంతి వెనక సీట్లో ఊపిరి కూడా వినపడకుండా కూర్చుంది. ఇల్లు రాగానే పక్క తలుపుగుండా బేస్‌మెంట్‌లోకి దిగిపోయింది. మేము ముందు తలుపుగుండా వెళ్లాం.

భోజనానికి గోంగూర పప్పు, వంకాయ కూర. ఆయన భార్య మాధవి గారు వడ్డిస్తున్నారు. సుధాకర్ అన్నారు: "పిల్లలు మంచోళ్లే మాస్టారూ. కానీ వీళ్ల మూలంగా ఇన్నేళ్లుగా ఉన్న మమ్మల్నీ అదే కంటితో చూస్తున్నారు. ఆ కాగితం వచ్చిన దగ్గర్నుంచి ఈవిడ వాకింగ్ మానేసింది. నాకు రాత్రి కారు ఆగిన చప్పుడైతే మెలకువొస్తోంది."

ఈయన్ని తిట్టాలని కారులోనే మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆయన మజ్జిగ గ్లాసు తాగకుండానే కింద పెట్టి, లేచి ముందు తలుపు గడియ చూసి రావడం గమనించాక అవి నోట్లోనే ఆగిపోయాయి.

నా ఉపన్యాసం ఎప్పుడని అడిగాను.

"నాలుగున్నరకండీ. ఆరింటికి సంతకాలు. ఆదివారం కదా, ఆ మధ్యంతా రాహుకాలం. ఎవరూ ఏదీ మొదలుపెట్టరు. మీకైతే పట్టింపు లేదుగా!"

నాకూ నవ్వొచ్చింది. గోడమీద గుంటూరులో అచ్చయిన క్యాలెండర్. ఇక్కడ సాయంత్రం నాలుగున్నరంటే గుంటూరులో తెల్లవారుజామున మూడు. ఏ ఊరి సూర్యుణ్ని పట్టి లెక్కగట్టిన రాహువో ఎవరూ అడగలేదు. కానీ ఆ రాహువే నాకు గంటన్నర ఇచ్చాడు. జీవితంలో మొదటిసారి అతనికి రుణపడ్డాను.

ఆ హాల్లోకే పాతికమంది వచ్చారు. మొదటి యుద్ధంలోని కోళ్ల కథతో మొదలుపెట్టాను. రోమన్లు ఓడలో పవిత్రమైన కోళ్లను పెంచేవారు. అవి గింజలు తింటే శుభం. ఒకసారి అవి తినలేదు. తినకపోతే తాగనీ అని సేనాని వాటిని సముద్రంలోకి విసిరేశాడు. ఆ యుద్ధంలో ఓడిపోయాడు.

సంతకాలకు ఉత్తరం రాసి తెచ్చిన పెద్దమనిషి మూర్తి గారు తొడ చరిచారు. "అదీ! శకునాన్ని తోసేస్తే అంతే మరి. మీ కథే మీకు ఎదురు తిరిగింది మాస్టారూ!"

"కోళ్లు కడుపునిండా తిన్నాక ఓడినవాళ్లూ ఉన్నారండీ. ఆ కోళ్ల గురించి ఎవరూ రాసుకోలేదు, అంతే తేడా."

ఇల్లంతా నవ్వింది. ఆ నవ్వు ఆగేలోపే మూడో యుద్ధానికి వచ్చాను. అప్పటికి రెండుసార్లు ఓడిన కార్తేజ్, రోము పేరు చెబితేనే వణుకుతోంది. ఏం చేస్తే మమ్మల్ని వదిలేస్తారని అడిగింది. పెద్ద కుటుంబాల పిల్లల్ని మూడు వందలమందిని అప్పగించండి, మీ ఊరు మీకే ఉంటుందన్నారు. అప్పగించారు. తల్లులు ఓడల వెంట నీళ్లలోకి దిగి ఈదారని చరిత్రలో రాశారు. తర్వాత ఆయుధాలడిగారు. ఇచ్చారు. ఆఖరున ఊరే వదిలిపెట్టి సముద్రానికి పది మైళ్ల లోపలికి పొమ్మన్నారు. అప్పటికి తిరగబడ్డారు. మూడేళ్ల తర్వాత ఊరు బూడిదైంది.

"పిల్లల్ని ఇచ్చినందుకు ఆ ఊరికి ఒక్క రోజు ఎక్కువ దక్కిందా? పేరు లేని ఆ కాగితం రాసినవాడికి మీ బేస్‌మెంటుకూ మీ హాలుకూ తేడా తెలుసనుకుంటున్నారా?" అని అడిగాను.

కింద నుంచి కుక్కర్ విజిల్ వినిపించింది. స్రవంతివాళ్లు అన్నం వండుకుంటున్నారు.

మాధవి గారు వంటింటి గుమ్మంలోంచి అడిగారు: "ఆ పిల్లలు తిరిగొచ్చారా మాస్టారూ?"

"నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా కనబడలేదమ్మా."

ఆరయింది. మూర్తి గారు సంతకం చేశారు. ఆయన వెనక మరో ఇద్దరు, ఎవరి వైపూ చూడకుండా చేశారు. కాగితం సుధాకర్ ముందుకొచ్చింది. ఆయన కలం మూత తీశారు.

"ఏవండీ, అన్నాలకు లేవండి," అంటూ మాధవి గారు వచ్చి, ఆయన ముందునుంచి కాగితం తీసి క్యాలెండర్ మేకుకు గుచ్చారు. "అది వచ్చే ఆదివారం చూద్దాం."

సుధాకర్ ఆమె వైపు చూశారు. కలానికి మూత పెట్టారు.

ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. సోమవారం ఎనిమిదింబావు బస్సుకు బయల్దేరేసరికి స్రవంతి లేదు, షిఫ్టుకు వెళ్లిపోయింది. పక్క తలుపు నుంచి రోడ్డు దాకా మంచులో ఒకే వరస అడుగులు. వాటి మీద కొత్త మంచు పడుతోంది.

తిరుగు బస్సులో నా పక్క సీటు ఖాళీ. సగం దారిలో కిరణ్ ఫోన్ చేశాడు. చుట్టూ చూసి, ఇంగ్లీషులో హలో అన్నాను. అతను తెలుగులో అడుగుతుంటే ఇంగ్లీషులోనే జవాబులు చెప్పాను. ఫోన్ పెట్టేశాక, నిన్న సుధాకర్ గారు తాగకుండా పెట్టిన మజ్జిగ గ్లాసు గుర్తొచ్చింది. ఒక్క రోజులో ఆ భయం నాకూ అంటుకుంది.

కిరణ్ ఫోన్ చేసింది ఒక సంగతి చెప్పడానికి. మూర్తి గారు ఆ ఉత్తరాన్ని ఫొటో తీసి కిచెనర్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారట. కాల్గరీ గ్రూపుకూ పోయిందట. ఇది చదువుతున్న మీ ఫోన్‌కూ రేపు వస్తుంది. చదివి పక్కన పెట్టకండి. వర్జ్యమైనా రాహుకాలమైనా సరే, ఆ క్షణమే దాని కింద మీ పేరుతో 'నేను ఒప్పుకోను' అని రాయండి. రాసి, మీ బేస్‌మెంట్ మెట్లు దిగి, నెలాఖరుకు ఎక్కడికీ పోనక్కర్లేదని ఆ పిల్లలకు చెప్పండి. ఆదివారం లోపలే చెప్పండి.