వదిన నోట రాని పేరు

ఈ రోజు మా ఇంటి ఓనర్ల వైఫై నాకు చుక్కలు చూపించింది. ఉద్యోగానికి దరఖాస్తు పంపడానికి ఇవాళే ఆఖరు. ఓనర్ వదిన పాస్‌వర్డ్ చెప్పింది గానీ, నా ల్యాప్‌టాప్‌లో ఆ నెట్‌వర్కే కనిపించలేదు. రూటర్ ఆపి మళ్లీ వేశాను. ఊహూఁ!

“కనవడదు తమ్మీ. పక్కింటోళ్లు వాడొద్దని మీ అన్న దాని పేరు దాచిండు. నువ్వే పేరు కొట్టాలె.”

“ఏం పేరు వదినా?”

“మీ అన్న పేరే. నేనెట్ల జెప్త?”

అన్నేమో బొగ్గుబాయిలో డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ అందదు. ఇల్లందులో అందరూ ఆయన్ని పిలిచే పేరు కొట్టాను. కలవలేదు.

“గది గాదు, అసలు పేరు” అంటూ వదిన ల్యాప్‌టాప్ లాక్కుని, ఒక్క వేలితో తానే కొట్టేసింది. “నోటితోటి అంటేనే తప్పు.”

దరఖాస్తు వెళ్లింది. ఇంతకీ పేరు దాచింది రూటరా, వదినా? మీరే చెప్పండి.