ఫువాతినో లెక్కపెట్టుకున్న వచనం

యూనివర్సిటీలో భాషాశాస్త్రం చదివే ఫువాతినో పరీక్షలన్నీ టీచర్ సొలేమా చేత రాయించుకుంటోందట, తలుపు మూసిన గదిలో ఇద్దరే ఉంటారట. మూడిళ్ల అవతల బట్టలారేసేచోట పుట్టిన మాట ఇది. గది సంగతి నిజం, మిగతాది అబద్ధం. అక్కడ సాధన కోసం సొలేమా ప్రశ్న చదివి వినిపిస్తుంది, ఫువాతినో నోటితో జవాబు చెబుతుంది.

"ఎవరు మాట్లాడినా నాలుక ఎక్కడ తగులుతోందో ఇట్టే చెప్పేస్తావు. కాగితం చూస్తే మాత్రం దెయ్యాన్ని చూసినట్టు బిగుసుకుపోతావేమే?" అందోసారి సొలేమా.

"అది కదులుతుంది టీచర్."

భాషాశాస్త్రంలో ధ్వనికో గుర్తు. తలకిందులైనవీ, తోకలున్నవీ ఆ పిల్ల కళ్లముందు ఒకదాని చోట ఒకటి వచ్చి కూర్చునేవి. దీన్ని డిస్లెక్సియా అంటారనీ, ఫారం మీద సంతకం పెడితే పరీక్షలోనూ చదివి వినిపించే మనిషినీ, రెట్టింపు సమయాన్నీ ఇస్తారనీ సొలేమా చెప్పి మూడు వారాలైంది. ఫారం ఇవ్వడానికి రేపే ఆఖరి రోజు. ఇప్పటికే పరీక్ష రెండుసార్లు తప్పింది, మూడోసారి తప్పితే పేరు కొట్టేస్తారు. అయినా ఫారం సంచి అడుగునే నలుగుతోంది. సంతకం పెడితే ఇంట్లో తెలిసిపోతుందని ఫువాతినో భయం. మామ్మ లుపే, చర్చిలో ఆదివారం బడికి పెద్ద. చదవడం రానివాళ్లు ఆ ఇంట పుట్టలేదని ఊరంతా చెప్పుకుంటుంది మరి.

ఆ దీవిలో సాయంత్రం ప్రార్థనకు శంఖం ఊదగానే ఇంటిల్లిపాదీ చాపల మీద చేరి బైబిల్లో తలా ఒక వచనం చదవాలి. ఫువాతినో తన వంతు ఎన్నోదో ముందే లెక్కేసుకుని, చిన్నాన్న కూతురైన లాగి అనే పిల్ల చేత ఆ వచనం చదివించుకుని, చేమదుంపలు చెక్కుతూ కంఠతా పట్టేది. పన్నెండేళ్లుగా ఎవరూ పసిగట్టలేదు.

ఆ రోజు పుకారు మామ్మ చెవిన పడింది.

"ఇవాళ అటువైపు నుంచి మొదలెట్టండి," అంది.

ఫువాతినో కంఠతా పట్టింది ఆరో వచనం. ఇప్పుడు వంతు రెండోది. పేజీ వైపు చూసింది, అక్షరాలు చీమల్లా పాకాయి. భయంలో నోరు దానంతటదే ఆరో వచనం అప్పజెప్పేసింది.

"మేమింకా రెండో మెట్టెక్కనే లేదు, నువ్వప్పుడే ఆరోది దాటేశావా తల్లీ?" అని నవ్వాడు చిన్నాన్న. ఇంకెవరూ నవ్వలేదు. లాగి తల వంచుకుంది. స్తంభాలే తప్ప గోడల్లేని ఇల్లు కదా, దారిన పోయేవాళ్లు కూడా ఆగి చూస్తున్నారు.

మామ్మ పుస్తకం ఒళ్లో పెట్టుకుంది.

"నా మొహం చూసి చెప్పు. ఆ గదిలో నీ పరీక్ష ఎవరు రాస్తున్నారు? అసలు నీకు చదవడం వచ్చా, రాదా?"

ఫువాతినో తల ఎత్తి మామ్మ మొహంలోకి చూసింది.

"వచ్చు మామ్మా. కానీ ఈ ఒక్క వచనానికే నువ్వు కోకో కాచి దించేంత సేపు పడుతుంది. ఆ గదిలో చదివేది టీచర్, జవాబు చెప్పేది నేనే. రేపు ఒక ఫారం మీద సంతకం పెడితే పరీక్షలోనూ నా కోసం ఆగుతారంట. నువ్వూ ఆగుతానంటే, ఇదిగో, రెండోది ఇప్పుడే మొదలెడతా."